చెయ్యి అడ్డం పెట్టేదాకా

పోస్టాఫీసులో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాక నాకు రెండు పనులు మిగిలాయి. ఒకటి ఊళ్లు తిరగడం, రెండోది తిరిగిన ఊళ్ల గురించి మా పెన్షనర్ల సంఘం మాసపత్రికలో రాయడం. ఏ రైల్లో ఏ పెట్టె ఖాళీగా ఉంటుంది, ఏ సత్రంలో వేడినీళ్లు వస్తాయి, ఏ హోటల్లో ఏది ఊరికే ఇస్తారు, ఇవే నా రాతలు. చివరి దాంట్లో నాకు కాస్త పేరు కూడా వచ్చింది. మా గూడూరులో ఎవరు తిరుపతికి బయల్దేరినా ముందు నాకు ఫోన్ చేసేవాళ్లు.

రెండేళ్ల కిందట చిత్తూరు గురించి ఒక పేజీ రాశాను. బస్టాండుకు నడిచేంత దూరంలో ఉన్న ఒక రాగిసంగటి మెస్సు గురించి అందులో పెద్ద పేరానే పెట్టాను. నా రాతలన్నిటిలోకీ అదే బాగా పేరు తెచ్చింది. ఎవరో దాన్ని ఫోటో తీసి ఫోన్లలో పంపితే అది ఎక్కడెక్కడికో పోయింది. నాకు తెలియని వాళ్ల దగ్గర్నుంచి కూడా తిరిగి నాకే వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మా ఆవిడకు చూపించాను. ఈ జూన్‌లో సంఘం వాళ్లు పాత సూచనలన్నీ సరిచూసి కొత్తగా రాసివ్వమన్నారు. అందుకే ఈ ప్రయాణం.

బుధవారం పొద్దున ఆరుంపావుకు గూడూరులో తిరుపతి రైలెక్కాను. భుజాన సంచి, సంచిలో నీళ్ల సీసా, నోటు పుస్తకం, మూడు గిన్నెల స్టీలు క్యారియర్. క్యారియర్ మా ఆవిడ స్వరాజ్యం కడిగి, తుడిచి, తానే సంచిలో పెట్టింది. పోయినసారి ఆ మెస్సు నుంచి తెచ్చిన పులుసు బాగుందనీ, ఊరిమిండి మాత్రం కొంచెమే వచ్చిందనీ, ఈసారి కాస్త ఎక్కువ పెట్టించుకు రమ్మనీ చెప్పింది. ఊరిమిండి అంటే వేరుశనగలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ వేసి రోట్లో నూరిన పచ్చడి. అది సంగటి మీద పెట్టుకుని తింటే వేరే కూర అక్కర్లేదు.

వెంకటగిరి దాటేదాకా కిటికీ పక్క సీటు, శ్రీకాళహస్తిలో జనం ఎక్కాక సీటులో సగం. ఎనిమిదిన్నరకు తిరుపతిలో దిగాను. స్టేషన్ నుంచి బస్టాండుకు నడుస్తూ దారిలో ఒక టిఫిన్ హోటల్లో కూర్చున్నాను. నాలుగు ఇడ్లీలు యాభై రూపాయలు. చట్నీ బొటనవేలంత గిన్నెలో వచ్చింది. రెండు ఇడ్లీలకే అయిపోయింది. మళ్లీ అడిగితే వడ్డించే అతను గోడ మీది కాగితం చూపించాడు.

"రెండోతూరి చట్నీకి పది రూపాయలు సార్."

నాకు ఒళ్లు మండింది. ఇడ్లీకి చట్నీ వేరుగా అమ్మే రోజులు వచ్చాయా, రేపు విస్తరికీ, మంచినీళ్లకూ బోర్డు పెడతారా అని గల్లా దగ్గర కూర్చున్నాయనతో గొడవ వేసుకున్నాను. ఆయన గొంతు పెంచలేదు. టెంకాయ ధర ఎంతుందో మీరే అడిగి రండి సార్ అన్నాడు. చుట్టూ తినేవాళ్లు నా వైపు చూస్తుంటే నాకు ఇంకా ఊపొచ్చింది. బయటికి వచ్చి నోటు పుస్తకం తీసి, ఈ హోటలుకు వెళ్లవద్దు అని పెద్ద అక్షరాలతో రాసుకుని కింద గీత కూడా గీశాను.

తొమ్మిది నలభైకి చిత్తూరు బస్సు దొరికింది. పక్క సీట్లో పంచె కట్టుకున్న ఒక రైతు కూర్చున్నాడు. మామిడితోట ఉందట, కొడుకు ముందు రోజే ట్రాక్టరుతో కాయలు ఫ్యాక్టరీకి తోలుకుపోయి వరసలో నిలబడి ఉన్నాడట, వాడికి అన్నం పట్టుకుని పోతున్నాడు. చంద్రగిరి దాటాక నేను చట్నీ సంగతి ఎత్తుకున్నాను. ఎవరు దొరికినా చెప్పాలని ఉంది నాకు. ఆయన అంతా విని, కిటికీలోంచి బయటికి చూస్తూ ఒక్క మాట అన్నాడు.

"కూడు పెట్టేవోళ్లు ఊరికే బోర్డు పెట్టుకోరు సామీ. ఎవురో ఏందో చేసుంటారు."

నాకు ఆ మాట రుచించలేదు. చిత్తూరులో ఇలాంటి చిల్లర బోర్డులు లేని మెస్సు ఒకటుంది, ఇప్పుడు అక్కడికే పోతున్నానని గొప్పగా చెప్పాను. ఆయన మంచిదన్నాడు. దారి పొడవునా తోతాపురి కాయల ట్రాక్టర్లు అడ్డం వచ్చి బస్సు మెల్లగా పోయింది. పదకొండు ముప్పావుకు చిత్తూరు చేరాను.

ఇక మెస్సు సంగతి. దాన్ని నడిపే ఆమె పేరు కుప్పమ్మ. యాభై దాటిన మనిషి. లోపల నాలుగు బల్లలు, వెనక పొయ్యి. పెద్దాసుపత్రి దగ్గరే కాబట్టి రోగులకు తోడు వచ్చిన వాళ్లు, ఆటోవాళ్లు ఎక్కువగా తింటారు. రెండేళ్ల కిందట నేను తిన్నప్పుడు అక్కడ ఒక పద్ధతి చూశాను. ఆకులో అయిపోయిందా లేదా అని ఎవరూ అడగరు. ఇంకా కావాలా అనీ అడగరు. తినేవాళ్లు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేదాకా కుప్పమ్మ వడ్డిస్తూనే ఉంటుంది. ఆ రోజు నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. మూడు ముద్దలు తిన్నాను, నాలుగోది ఆకులో ఉండగానే క్యారియర్ తీసి, ఇంటికి కొంచెం పులుసు పొయ్యమ్మా అన్నాను. ఆమె పోసింది, ఊరిమిండి కూడా కొంచెం పెట్టింది. ఒక భోజనానికే డబ్బు తీసుకుంది.

ఇంటికొచ్చి నేను రాసింది ఇది. మక్కికి మక్కి ఇక్కడ దించుతున్నాను, ఎందుకంటే దాన్ని దాచుకునే హక్కు నాకు లేదు. "ఆ మెస్సులో చెయ్యి అడ్డం పెట్టేదాకా వడ్డిస్తూనే ఉంటారు. కాబట్టి యాత్రికులారా, చెయ్యి అడ్డం పెట్టకండి. వెంట క్యారియర్ ఉంటే రాత్రి భోజనం కూడా గడిచిపోతుంది. ఒక్క భోజనంతో ఇద్దరు సుఖంగా తినవచ్చు."

రాసినప్పుడు అది తెలివి అనుకున్నాను.

పన్నెండుంపావుకు మెస్సు గడప దగ్గర నిలబడ్డాను. ఎదురుగా గోడకు రేకు బోర్డు. సంగటి ఒక ముద్ద. పులుసు, ఊరిమిండి ఒకసారి మాత్రమే. డబ్బాలు, క్యారియర్లు తేవద్దు. తిరుపతిలో రేగిన కోపం మళ్లీ లేచింది. నేను పాత గిరాకీని, నాకు కూడా ఇదే లెక్కా, అడిగేస్తాను అనుకుంటూ లోపలికి పోయి కూర్చున్నాను. సంచి బల్ల కింద పెట్టాను. కుప్పమ్మ ఆకు వేసి, నీళ్లు చల్లి, నా మొహం వైపు చూసింది. యాడో చూసినట్టుండాదే అంది. ఎందుకో నోటి వెంట, లేదమ్మా, ఇదే మొదటిసారి అని వచ్చింది. ఆ పూట చెప్పిన అబద్ధాల్లో అది చిన్నది.

ముద్ద వేసింది, పక్కన వంకాయ పులుసు పోసింది, ఊరిమిండి ఉండ పెట్టింది. పెట్టాక గరిటె ఆకు మీద అలాగే ఆగింది. నా చెయ్యి అడ్డం వస్తుందని ఆమె చూస్తోంది. రెండు క్షణాలు ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు గరిటె వెనక్కి తీసుకుని పక్క బల్లకు పోయింది. అక్కడా అంతే చేసింది. ఇన్నేళ్ల అలవాటు కాబోలు, చేతికి ఇంకా కొత్త సంగతి తెలియలేదు.

నా ఎదురు బల్ల దగ్గర డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒకాయన తింటున్నాడు. ముద్దను సరిగ్గా సగానికి విరిచాడు. ఒక సగం పులుసులో ముంచుకుని గబగబా తిన్నాడు. రెండో సగాన్ని ఆకు ముక్కలో చుట్టి, భుజం మీది తువ్వాలు తీసి, దాని కొంగులో ముడేశాడు. కుప్పమ్మ అటు చూడకుండా పొయ్యి దగ్గరికి పోయి నిప్పు సరిచేయసాగింది. నిప్పు బాగానే మండుతోంది.

ఆమె మళ్లీ నా దగ్గరికి వచ్చినప్పుడు, బోర్డు ఎప్పటినుంచమ్మా అని అడిగాను. గొడవకు సిద్ధం చేసుకున్న గొంతు అప్పటికే తగ్గిపోయింది. ఆమె పక్క బల్లకు వడ్డించి వచ్చి నా బల్ల అంచు పట్టుకుని నిలబడి చెప్పింది.

"చెయ్యి అడ్డం పెట్టేదాకా గరిటె ఎనక్కి తియ్యగూడదనేది మా అత్త. ఆ యమ్మ పెట్టిన వాడిక అది. కడుపు నిండినాక ఎవురన్నా అడ్డం పెట్టకుండా ఉంటారా అన్నా? ఇన్నేండ్లు అదే మాకు లెక్క. ఇప్పుడేమో, చెయ్యి అడ్డం పెట్టొద్దండా అని ఎవురో రాసినాడంట. ఫోన్లో చూపిస్తారు. నలుగురొచ్చి రెండాకులేసుకోని, మూడు డబ్బాలు తెరిచి పెడతారు."

మొదట ఆమె ఊరుకుందట. రెండు నెలలు గడిచేసరికి ఒంటిగంటకే సంగటి అయిపోవడం, ఆసుపత్రి వాళ్లు వచ్చేసరికి గిన్నెలు బోర్లించి ఉండటం మొదలైందట. అప్పుడు కూడా బోర్డు పెట్టడానికి మనసు రాలేదు. పోయిన నెల ఒక రోజు పులుసు చాలదంటే, రాసిందేమో అట్లా, మీరు పెట్టేదేమో ఇట్లా అని ఒకాయన ఫోన్‌తో ఆమెను వీడియో తీశాడు. ఆ మరుసటి రోజే కూతురు చేత బోర్డు రాయించింది.

నేను ఆ ముడేసిన తువ్వాలు వైపు చూపించి, ఆయనకైనా ఇంకో ముద్ద వేయవచ్చు కదమ్మా అన్నాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు నోరెలా వచ్చిందో.

"ఆసుపత్రిలో మనిషిని పెట్టుకున్నోళ్లకి వాళ్లు తెచ్చిన గిన్నిలో పోసిస్తా ఉంటి. ఇప్పుడు ఆయనకి పెడితే ఆ బల్లకాడోళ్లు మాకేల పెట్టవంటారు. ఎవుర్ని చూసి పెట్టేది, ఎవుర్ని చూసి మానుకునేది? వారం దినాలుగా వస్తా ఉండాడు. ఆయన ఇంటిది కాలిరిగి పండుకోనుండాది. ఒక్క ఆకుతోనే ఇద్దురూ తింటా ఉండారు."

ఒక్క భోజనంతో ఇద్దరు. నా వాక్యమే. నేను సుఖంగా అని కూడా రాశాను.

సిగ్గుతో మనిషికి చెమట పడుతుందని అరవై మూడేళ్లు వచ్చాక తెలిసింది. పెద్దాయన చెయ్యి కడుక్కోవడానికి లేస్తుంటే కుప్పమ్మతో మెల్లగా, ఆయనకు ఒక భోజనం కట్టించమ్మా, డబ్బులు నేనిస్తాను అన్నాను. ఆమె మొహం విప్పారింది. డబ్బిచ్చి కట్టించుకుంటే ఎవరూ ఏమీ అనరు, అది మంచి పని అంది. ముద్దను ఆకులో పెట్టి కాగితం చుట్టింది. ఊరిమిండి లోపలే పెట్టింది. తర్వాత పులుసు గరిటె చేత్తో పట్టుకుని అడిగింది.

"పులుసు దేంట్లో పోసేదన్నా? మేము కవర్లు మానేసినాం. గిన్నేమన్నా ఉండాదా నీకాడ?"

నా కాళ్ల దగ్గర సంచి ఉంది. సంచిలో మూడు గిన్నెలున్నాయి, మా ఆవిడ తళతళలాడేలా తోమినవి. తీస్తే చాలు, పులుసు, ముద్ద, పచ్చడి మూడూ పడతాయి, ఆయన క్యారియర్ తీసుకుని పోయినా నాకు నష్టం లేదు. కానీ తీస్తే నేనెవరో తెలిసిపోతుంది. మొదటిసారి వచ్చానన్నవాడి సంచిలో క్యారియర్ ఎందుకుంటుంది? గోడ మీద బోర్డు, చేతిలో గరిటె, నా ఎదురుగా కుప్పమ్మ. నేను కాలితో సంచిని బల్ల కిందికి ఇంకాస్త నెట్టాను.

"లేదమ్మా," అన్నాను.

పెద్దాయన ఎండు ముద్దే తీసుకుపోయాడు. పోతూ పోతూ నాకు దండం పెట్టి, సల్లగుండు సామీ అన్నాడు. ఆ దండం నాకు చెప్పుదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది. ఆయనను వెనక్కి పిలవడానికి కనీసం వంద అడుగుల టైం ఉంది. నేను కూర్చునే ఉన్నాను.

డబ్బిచ్చి లేస్తుంటే కుప్పమ్మ, మంచి మనసున్న మనిషి దొరికాడనుకుందేమో, ఇంకో మాట చెప్పింది.

"ఆ రాసినాయన యాడన్నా కనబడితే తిట్టనన్నా. ఒకటే అడగతా. ఊరిమిండిలో ఉప్పు జాస్తి, నోట్లో పెట్టుకోలేము, ఎవురూ పోవద్దండా అని రాసి పెట్టమంటా. మా అత్త పేరు చెడితే చెడనీ. ఆ బోర్డు తీసేస్తే నాకు చాలు."

ఆ ఊరిమిండి ఆమె అత్త నేర్పింది. ఊరంతా మెచ్చుకునేది. దాన్ని బాగాలేదని చెప్పించుకోవడానికి ఆమె సిద్ధంగా ఉంది, అది రాసింది నేనేనని చెప్పడానికి నేను సిద్ధంగా లేను. అట్లాగే లేమ్మా, మంచి రోజులొస్తాయి అని ఏదో గొణిగి సంచి ఎత్తుకున్నాను. క్యారియర్ గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగాయి. ఆమె సంచి వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. ఆమెకు అర్థమైందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అర్థమైందనే అనుకుంటున్నాను.

రెండూ నలభైకి తిరుపతి బస్సు. ట్రాక్టర్ల వరస ఇంకా కదల్లేదు. తిరుపతిలో దిగి స్టేషన్‌కు నడుస్తుంటే పొద్దున్నే గొడవ పడ్డ టిఫిన్ హోటల్ దారిలోనే వచ్చింది. గల్లా దగ్గర ఆయనే కూర్చుని ఉన్నాడు. లోపలికి పోయి రెండు మాటలు చెబుదామనుకున్నాను, కానీ ఆగకుండా దాటిపోయాను. నోటు పుస్తకంలో పొద్దున రాసిన పేజీ మాత్రం చింపేశాను. చింపడం తేలిక.

ఈ రాత చదివేవాళ్లకు ఇక్కడే చెప్పేస్తున్నాను. పాత చిత్తూరు పేజీ మీ ఫోన్లలో ఉంటే తీసేయండి. కొత్త సూచనల్లో ఆ మెస్సు ఉండదు. ఎవరైనా దారి అడిగితే నేను చెప్పను. కుప్పమ్మ అడిగినట్టే రాయాలని రైలు కోసం ఎదురుచూస్తూ పుస్తకం తెరిచాను. ఊరిమిండిలో ఉప్పెక్కువ అని రాశాను. తెల్లగడ్డ వాసన అప్పటికీ వేళ్ల మీద ఉంది.

ఆరున్నరకు గూడూరు రైలు. ఎదురు సీట్లో కొత్తగా గుండ్లు చేయించుకున్న తండ్రీ కొడుకులు, పక్కన తల్లి, కూతురు. తిరుమల నుంచి తిరిగి వస్తున్నారు. ఆయనది మా ఊరి నిమ్మకాయల మార్కెట్లో దుకాణమట. మాట కలిసింది. నేను చిత్తూరు నుంచి వస్తున్నానని తెలిసి ఉత్సాహంగా ముందుకు వంగాడు. వచ్చే నెల కాణిపాకం పోతారట, అక్కడినుంచి చిత్తూరు పోయి సంగటి తినాలట. ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. అది నా పేజీ.

పోకండి, ఉప్పెక్కువ, బాగాలేదు అన్నాను.

"ఉప్పయితే ఏముంది సార్," అన్నాడాయన. "ఊరికే పెడతారు గదా."

ఆ మాట తర్వాత ఇంక దాచుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. కుప్పమ్మ ముందు చెప్పాల్సింది రేణిగుంట దాటాక ఒక ముక్కూ మొహం తెలియని మనిషి ముందు చెప్పాను. ఆ పేజీ రాసింది నేనేనన్నాను. అది తప్పు రాత అనీ, దానివల్ల అక్కడ ఆసుపత్రి మనుషులు పస్తులుంటున్నారనీ చెప్పాను. సగం చెప్పానో లేదో, ఆయన సీట్లోంచి లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మిగతా సగం ఆయన వినలేదు. మీరేనా సార్ అది అంటూ భార్యకు చూపించాడు, పిల్లల చేత దండం పెట్టించాడు. పోయినేడు మీ పుణ్యమా అని రెండాకులతో నలుగురం తిన్నాం, డబ్బాలో రాత్రికి కూడా తెచ్చుకున్నాం అని పెట్టెలో అందరికీ వినబడేలా చెప్పాడు. అవతలి సీటు మనిషి, ఏ మెస్సు అని అడిగాడు.

భార్య పులిహోర డబ్బా తీసింది. కాగితం ప్లేటులో ముందు నాకే వడ్డించారు. వద్దంటే వినలేదు. రెండోసారి ఆయనే గరిటెతో తీసి నా ప్లేటు మీదికి తెచ్చాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"మొహమాటపడమాకండి సార్," అన్నాడు నవ్వుతూ. "చెయ్యి అడ్డం పెట్టొద్దని మీరే గదా రాసింది."

నేను చెయ్యి తియ్యలేదు. పులిహోర నా చేతి మీదే పడింది. రైలు వెంకటగిరి దాటేదాకా ఆ చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చున్నాను.